ఉద్దెర

నారాయణగూడ మెట్రో స్తంభం వెనక గల్లీల
బోర్డు మారింది.
పాతదాని మీద చేత్తో రాసిన పసుప్పచ్చ అక్షరాలుండె:
పరంజ్యోతి స్పోర్ట్స్, కాలేజీ టీములకు ప్రత్యేకం.
ఎండకు ఆ వత్తు రాలిపోయి
పదిహేనేండ్లు మేమంతా "ప్రతేకం" అనే చదువుకున్నం.

ఇప్పుడు అద్దాల తలుపు. లోపల చల్లగాలి.
దేశమంత మూడొందల దుకాణాలున్న కంపెనీ అట.
ఇది మూడొందల ఒకటోది.

నేను ఖోఖో ఆడేదాన్ని,
కాచిగూడ దిక్కు ఆడపిల్లల కాలేజీకి.
పన్నెండు మందిమి.
పైసలు ఎనిమిది మందివే జమైనయి.
సార్ రెండుసార్లు లెక్కపెట్టి గల్లాల ఏసుకొని
పన్నెండు జెర్సీలూ కట్టిచ్చిండు.
మిగిలింది ఉద్దెర పుస్తకంల రాసిండు:
"ఖోఖో పిల్లలు. గెలిస్తే ఇస్తరు."

మేం గెలవలే.

లోపల మిషను కాడ మొయిజ్ చాచా.
గోడకు మేకులు, మేకులకు తగరపు అచ్చులు,
సున్నా నుంచి తొమ్మిది దాక.
ఏడు ఒకసారి కిందపడి నడుం కాడ వంగింది.
అప్పటిసంది ఈ పట్నంల ఏ గ్రౌండుల చూసినా
ఏడో నంబరు జర కుంటుకుంటనే ఉరికేది.
నాది ఏడే.

ఖోఖోల ఒక సంగతుంటది.
వెనకకెల్లి వచ్చినామె నీ వీపు చరిచి "ఖో" అంటది.
ఆ చెయ్యి పడేది నంబరు మీదనే.
మా జెర్సీలన్నీ ముందుగాల అక్కడ్నే పిగిలేటివి.
చాచా ఊకెనే కుట్టిచ్చేటోడు,
"గింత గట్టిగ కొట్టుకుంటరేందే బిడ్డా" అనుకుంట,
పండ్ల మధ్యల దారం పట్టుకొని.

అమ్మకం కాయితాలు ఎనభై పేజీలట.
సార్ బిడ్డ సుహాసిని చెప్పింది.
ర్యాకులు, మూడు మిషన్లు, దుకాణం పేరు,
ఆఖరికి గుడ్‌విల్ అని ఒక వరుస,
దానికి గూడ ధర కట్టిన్రట.
ఉద్దెర పుస్తకం మాత్రం ఎవ్వరూ అడగలే.
వకీలు తిరగేసి, ఇదేం లెక్క అని
ఛాయ్ గ్లాసు కింద పెట్టుకున్నడట.

సార్ ఏడ్చిండా అంటే, లేదట.
మంచి ధరే వచ్చిందన్నడట.
మోకాళ్ల ఆపరేషన్ చేయించుకుంటడట.
పిల్లలు ఇక్కడ తొడిగి చూసి
ఫోన్ల తెప్పిచ్చుకునుడు మొదలైన నాడే
సగం అమ్ముడు పోయింది, అన్నడట.
నాకు ఎందుకో అది నచ్చలే.
ఏడిస్తే బాగుండు అనిపించింది.
ఏడ్వనీకి నేనెవర్ని, బాకీ ఉన్నదాన్ని.

శనివారం పోయిన.
నా వంతు నూట నలభై.
కౌంటర్ల మెడల కార్డేసుకున్న పిల్లగాడు.
"ఏ ఐటమ్ మేడం?"
"పాత బాకీ."
"కోడ్ చెప్పండి."
పాపం, మంచోడే. మిషను మొత్తం వెతికిండు.
ఏదన్న ఒకటి అమ్మితేనే
అది పైసలు తీసుకుంటదట.

పక్కన ఇద్దరు పిల్లలు నంబరు కొట్టిచ్చుకుంటున్నరు.
కంప్యూటర్ల ఏడు.
నిటారుగ, మెరుసుకుంట.
తప్పు పట్టనీకి ఏమీ లేదు.
మొయిజ్ చాచా యాడ అని అడిగిన.
ఎవరు మేడం, అన్నడు.

ఖో అంటే లేవాలె.
అన్నామె నీ జాగల కూసుంటది.
అది ఆట, దాంట్ల కోపానికేం లేదు.
కానీ లేచినోళ్లకు
తరుమనీకి ముందట ఎవరన్న ఉండాలె గదా.

నోట్లు మడిచి పిడికిట్ల పెట్టుకొని
బర్కత్‌పురా దిక్కు నడిచిన.
సార్ ఇల్లు ఆ సందులనే అని యాది.
గేటు ఏ రంగో యాదికొస్తలేదు.